ఒక్కటే కాపీ

మా ఫ్లాట్ హాల్లో సోఫా పైన ఒక ఆడామె బొమ్మ ఉంటుంది. తోట వైకుంఠం పెయింటింగ్‌కు ప్రింట్. ఒరిజినల్ కొనే స్తోమత నాకెక్కడిది! ఫ్రేముతో కలిపి నాలుగు వేల చిల్లరకు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నల్లటి ఒళ్లు, ఎర్రటి చీర, ముక్కుపుల్ల, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. వీడియో కాల్‌లో నా వెనక ఆ బొమ్మ కనపడితే బెంగళూరు వాళ్లు 'వావ్, వెరీ ఎత్నిక్' అంటారు. నాకూ కొంచెం గర్వంగానే ఉండేది.

మా అమ్మ మొదటిసారి ఫ్లాటుకు వచ్చినప్పుడు బ్యాగు కింద పెట్టకముందే ఆ బొమ్మను చూసింది.

"ఎవరురా ఈమె?"

"తెలంగాణ ఆడామె అమ్మా. పెద్ద ఆర్టిస్టు గీసిండు."

"తెలంగాణ ఆడోళ్లు ఎట్లుంటరో నాకు తెల్వదా? పైసలు పెట్టి కొన్నవా?"

ఎంతో చెప్పాను. అమ్మ దగ్గరికి పోయి కాసేపు చూసింది. "బొట్టు మంచిగున్నది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మామూలు మాటే. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే 2019కి పోవాలి.

మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నారు గానీ మాకు ఎప్పటికీ పాలమూరే. అమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. అమ్మకు మంచి చీర అంటే నారాయణపేట చీరే. ముదురు ఎరుపు, ఒంటి నిండా గళ్లు, గుడి గోపురాల్లాంటి అంచు. పెండ్లికి పోయినా, బతుకమ్మకు పోయినా అదే. దానికి తగ్గట్టు పెద్ద కుంకుమ బొట్టు.

బీటెక్ అయిపోయి, కాలేజీలో పట్టాలిచ్చే ఫంక్షన్. ముందురోజు ఇంటికి ఫోన్ చేశాను. "అమ్మా, రేపు ఆ గళ్ల చీర కట్టుకోకు. బొట్టు గూడ చిన్నది పెట్టుకో. అందరి మమ్మీలు వస్తరు ఇక్కడ."

"అట్లనే బిడ్డా" అన్నది.

చిన్నమ్మ దగ్గర జార్జెట్ చీర అడిగి తెచ్చుకొని, కనపడీ కనపడని స్టిక్కర్ పెట్టుకొని వచ్చింది. ఆ చీర భుజం మీద నిలవదు. రోజంతా దాన్ని పైకి లాక్కుంటూనే ఉంది. ఫొటో దిగేటప్పుడు ఎప్పట్లాగే నోరు గట్టిగా మూసుకుంది. సాయంత్రం నేను ఆ ఫొటోను క్రాప్ చేసి ఇన్‌స్టాలో పెట్టాను. నేను, నా పట్టా, పక్కన నాయిన భుజం సగం. అమ్మ లేదు.

ఏడేళ్లలో అమ్మ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమెకు తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. అప్పుడు ఆమెది బటన్ ఫోను. తర్వాత స్మార్ట్‌ఫోన్ నేనే కొనిచ్చాను. ఆ పోస్టు అప్పటికీ అట్లనే ఉంది.

ఇక ప్రింట్ల సంగతి. మా టీంలో ఒకమ్మాయి మోనోటైప్ క్లాసుకు డబ్బు కట్టి, ఆ శనివారం డెప్లాయ్‌మెంట్ పడటంతో తన సీటు నాకిచ్చింది. మోనోటైప్ అంటే ఏదో ఫాంట్ గురించి అనుకొని వెళ్లాను. పాత ఇంటి మేడ మీద ఎనిమిది మందిమి. ఒక్కొక్కరికి ఒక అద్దంలాంటి ప్లాస్టిక్ షీటు, ఒక రోలరు, ఇంకు, పాత గుడ్డలు, ఒక స్టీలు గరిటె. గరిటె చూసి భోజనం కూడా పెడతారేమో అనుకున్నాను.

పని తేలిక. షీటు మీద ఇంకు పూస్తారు. తెల్లగా ఉండాల్సిన చోట గుడ్డతో తుడుస్తారు, గీతలు కావాలంటే పుల్లతో గీకుతారు. బొమ్మ కుదిరింది అనుకున్నాక, తడిపి ఆరబెట్టిన కాగితం దాని మీద పరిచి గరిటె వెనక వైపుతో రుద్దుతారు. కాగితం ఎత్తితే బొమ్మ దాని మీదికి వచ్చేస్తుంది. కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి.

అసలు విషయం ఏంటంటే, ఒక్కటే వస్తుంది. ఎచింగ్ అయితే రాగి రేకు మీద గీతలు యాసిడ్‌తో తొలుస్తారు. ఆ గీతల్లో మళ్లీ మళ్లీ ఇంకు నింపి ఎన్నో కాపీలు తీయొచ్చు. ఇక్కడ రేకు మీద ఏ గీతా లేదు. ఉన్నదంతా ఇంకే, అది కాస్తా కాగితం మీదికి పోయింది. ఇంకో కాగితం పెట్టి రుద్దితే మిగిలిన మరక లాంటిది వస్తుంది, అంతే. దాన్ని ఘోస్ట్ అంటారు. రోజూ గిట్‌లో పనిచేసే మాలాంటి వాళ్లకు ఇది జీర్ణం కాదు. బ్యాకప్ లేదు, రోల్‌బ్యాక్ లేదు. 1640ల్లో ఇటలీలో కాస్తిలియోనె మొదలుపెట్టిన పద్ధతి అట, తర్వాత పారిస్‌లో డెగా చాలా చేశాడట. డెగా అయితే ఆ ఘోస్ట్ మీద రంగు చాక్‌లతో దిద్ది ఇంకో బొమ్మ చేసేవాడు.

మాకు నేర్పినాయన ట్యాబ్‌లో కొన్ని అమెరికా బొమ్మలు చూపించాడు. మారిస్ ప్రెండర్‌గాస్ట్ అనే ఆయనవి. 1858లో పుట్టాడు, బోస్టన్‌లో పెరిగాడు. మొదట షాపుల్లో పెట్టే ప్రకటన కార్డులకు అక్షరాలు రాసే ఉద్యోగం. అంటే ఆ కాలపు యూఐ డిజైనర్ అన్నమాట! పారిస్ వెళ్లి బొమ్మలు నేర్చుకున్నాడు. 1891 నుంచి 1902 దాకా ఒక పదేళ్లలో సుమారు 200 మోనోటైప్‌లు చేశాడు. ఆయన కూడా గరిటె బ్యాచే. ప్రెస్సు లేకపోతే చెంచాతో రుద్దండి అని ఒక స్నేహితురాలికి ఉత్తరంలో రాశాడు.

ఆ బొమ్మల నిండా ఆడవాళ్లే. అప్పటి ఫ్యాషన్ అంతా అందులో ఉంది. నేలను తాకే గౌన్లు, పెద్ద టోపీలు, గొడుగులు. పార్కులో నడుస్తుంటారు, సముద్రం ఒడ్డున నిలబడతారు. 'బ్రీజీ కామన్' అనే బొమ్మలో గాలికి బట్టలు ఎగురుతుంటాయి. 'ఆరెంజ్ మార్కెట్' 1900 నాటిది, అందులో ఒక పెద్ద గొడుగు కింద జనం. నేను ట్యాబ్‌ను రెండు వేళ్లతో జూమ్ చేశాను. టోపీ ఉంది, గౌను మడతలు ఉన్నాయి, మొహం మాత్రం లేదు. ఒక రంగు మరక, మహా అయితే రెండు చుక్కలు. అంత షోకుగా తయారైన మనిషిలో మిగిలింది బట్టలే.

మా అమ్మకైతే ఇట్లాంటి బొమ్మే ఇష్టమవుతుంది అనిపించింది నాకు. నోరు కనపడదు కదా.

నల్లగొండ వాళ్లకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. చిన్నప్పుడు, పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే, వచ్చే పళ్లే మరకలతో వస్తాయి. తోమితే పోయేవి కావు. అమ్మ అదృష్టం కొద్దీ ఎముకల దాకా పోలేదు, పళ్ల దగ్గరే ఆగింది. కానీ పెండ్లి ఆల్బంలో కూడా ఆమె నవ్విన ఫొటో ఒక్కటి లేదు. నవ్వు వస్తే కొంగు, కొంగు అందకపోతే చెయ్యి.

ఆ రాత్రి 2019 ఫొటో క్రాప్ చేయనిది వెతికాను. అప్పటి ఫోను ఎప్పుడో చచ్చిపోయింది. డ్రైవ్‌లో లేదు, నాయిన వాట్సాప్‌లో లేదు, చిన్నమ్మ దగ్గర లేదు. ఆ ఫొటో తీసిన ఫ్రెండును అడిగితే "ఏడేళ్ల కింది ఫొటోలా? జోక్ చేస్తున్నవా?" అన్నాడు. ఇప్పుడు లోకంలో మిగిలింది నేను కోసిన ముక్క ఒక్కటే.

మన దగ్గర ఆడవాళ్లను ప్రింట్లలో ఎవరు చేశారు అని తర్వాత వెతుక్కున్నాను. మొదటి పేరు లక్ష్మాగౌడ్‌ది. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకొని వచ్చినాయన. ఆయన ఎచింగ్‌లలో ఊరి ఆడవాళ్లు, మేకలు, చెట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. సన్న గీతలు. ప్రెండర్‌గాస్ట్ ఆడవాళ్లలా వీళ్లు షికారుకు రాలేదు. మొహాలు ఉంటాయి, చూపులు సూటిగా మన మీదే ఉంటాయి. కొన్ని బొమ్మలు ఇంట్లో అమ్మ ముందు తెరిచి చూడలేం, అది వేరే సంగతి. వైకుంఠం సంగతి కూడా అప్పుడే సరిగ్గా చదివాను. ఆయనది కరీంనగర్ వైపు బూరుగుపల్లి. ఆ పెద్ద బొట్లు, ఆ చీరలు చిన్నప్పుడు ఊళ్లో చూసిన ఆడవాళ్లవి, ముఖ్యంగా వాళ్లమ్మవి. ఆయన వాళ్లమ్మను చూసి గీసిన బొట్టును నేను నాలుగు వేలు పెట్టి కొనుక్కున్నాను. మా అమ్మ బొట్టును మాత్రం ఫోన్ చేసి మరీ చిన్నది చేయించాను.

మొన్న కళ్ల పరీక్షకని అమ్మ మళ్లీ వచ్చింది. క్లాసు నుంచి తెచ్చుకున్న షీటు, మిగిలిన ఇంకు ఉన్నాయి. "అమ్మా, నీ బొమ్మ తీస్త, కూసో" అన్నాను.

"నాదెందుకురా, పనిలేక?" అన్నది. కానీ పది నిమిషాలకు నారాయణపేట చీర కట్టుకొని వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను ఏ చీర కట్టుకోమనీ చెప్పలేదు.

నాకు గీయడం రాదు. ఫోన్లో ఫొటో తీసి, ఏ4 కాగితం మీద ప్రింట్ చేసి, షీటు కింద పెట్టుకొని పైన ఇంకు పూశాను. సాఫ్ట్‌వేర్ వాళ్ల కాపీ పేస్ట్ బుద్ధి ఎక్కడికి పోతుంది! చీర గళ్లు అగరుబత్తి పుల్లతో గీకాను. దానికే గంట పట్టింది. అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని చూస్తూ, చిక్కుడుకాయలు తుంచుతూ, మధ్య మధ్యలో సలహాలు. గళ్లు గింత పెద్దగుండవు. అంచు తప్పింది. నోరు మూసే గియ్యి.

మూసే గీశాను.

చివర్లో ఎర్ర ఇంకు వేలికి అద్దుకొని నుదుటి దగ్గర పెట్టబోయాను. అమ్మ చిక్కుడుకాయ మీద నుంచి తల ఎత్తకుండానే అన్నది.

"ఈసారన్నా పెద్దగ పెట్టు."

నా వేలు గాల్లోనే ఆగింది. అంటే ఫోన్లో చెప్పిన మాట గుర్తుంది. ఇన్‌స్టా సంగతి కూడా తెలుసా? అడుగుదామని నోటిదాకా వచ్చింది. సారీ చెబుదామనీ వచ్చింది. "అట్లనే" అని మాత్రం అన్నాను. బొటనవేలికి ఇంకు నిండా తీసుకొని గట్టిగా అద్దాను.

కాగితం పరిచి రుద్దుతుంటే గరిటె లాక్కుంది. "గట్ల గీకితె కాయితం చిరుగుతది. ఇటు తే." దోసె పోసినట్టు మధ్యలో నుంచి చుట్టూ తిప్పుకుంటూ రుద్దింది. మా క్లాసులో ఎనిమిది మందిలో ఎవరికీ అంత సమంగా రాలేదు.

కాగితం ఎత్తాం. గళ్లు బాగా వచ్చాయి. మొహం అంత పోలిక లేదు, నిజం చెప్పాలి. బొట్టు ఇంకు మరీ ఎక్కువై, నొక్కుడికి పక్కలకు పాకి, కనుబొమ్మల దాకా వచ్చేసింది.

"గిదేంది, బొట్టా, తాంబాలమా?" అని అమ్మ పడీ పడీ నవ్వింది. చేతి నిండా ఇంకు ఉంది, మొహానికి అడ్డం పెట్టుకోలేకపోయింది. కొంగుకు అంటుతుందని కొంగూ ముట్టుకోలేదు. అట్లనే నోరు తెరిచి నవ్వింది. నా ఫోను పక్కనే ఉంది. తీయలేదు.

తర్వాత బొమ్మను తేరిపార చూసి, "ముక్కుపుల్ల అటుదిక్కు పడ్డది" అన్నది. అద్దంలో లాగా తిరగబడుతుందని చెప్పాను.

"ఇంకోటి తియ్యి, చిన్నమ్మకిస్త."

"రాదమ్మా. ఒక్కటే వస్తది."

"ఒక్కటేనా? మరి గింత తిప్పలెందుకు? జిరాక్స్ తియ్యరాదు?"

నేను వివరించబోతే వినలేదు. ఇంకో కాగితం పెట్టి తనే మళ్లీ రుద్దింది. ప్రెండర్‌గాస్ట్ అయితే ఒక్కోసారి రెండోదో మూడోదో బాగా వస్తుందని అదే ఉత్తరంలో రాశాడు. మాకేం అట్లా జరగలేదు. పాలిపోయిన నీడ ఒకటి వచ్చింది. అమ్మ పెదవి విరిచి, మొదటిది ఇంకు ఆరాక న్యూస్ పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. ఊరికి పోయాక నాయిన దాన్ని చూసి "ఎవరే ఈమె, నీ లెక్కనే చీర కట్టింది" అన్నాడట. అమ్మ ఫోన్లో చెప్పి మళ్లీ నవ్వింది. వాట్సాప్ డీపీలో ఇన్నాళ్లూ వేంకటేశ్వరస్వామి ఉండేవాడు. ఇప్పుడు ఆ బొమ్మ ఉంది.

రెండోది నా దగ్గరుంది. ఇంకా ఫ్రేము కట్టించలేదు, ఫ్రిజ్ మీద అయస్కాంతాలతో పెట్టాను. అందులో చీర గళ్లు ఆనవు, కళ్లు ఉన్నాయో లేవో తెలియదు, మూసిన నోరూ కనపడదు. బొట్టు దగ్గర ఇంకు మందంగా పెట్టాం కదా, అదొక్కటి ఎర్రగా అట్లనే దిగింది.