పుట్టిలో వేటకొడవలి



2024 మే పోలింగ్ తరువాత పల్నాడులో 144 సెక్షన్ పెట్టిన రోజులు మీకు గుర్తే. ఎన్నికలని లైసెన్సు తుపాకులు సైతం స్టేషన్లలో అప్పగించిన కాలం. అయినా సత్రశాల దగ్గర కృష్ణలో చేపలకు వెళ్తూ, భయంతో మేము పుట్టిలో వేటకొడవలి దాచుకున్నాం.

చీకట్లో మరో పుట్టి దగ్గరకొచ్చింది. మా చెయ్యి కొడవలి మీదికి పోయింది.

"అన్నా, వల మొద్దుకు చిక్కుకుంది. కత్తి ఉందా?" ఎవరో కుర్రాడి గొంతు.

సిగ్గుపడి ఆ కొడవలే ఇచ్చాం.

పేతురు కూడా జాలరే. ఆ రాత్రి తోటలో కత్తి దూసి మల్కు చెవి నరికాడు. ప్రభువు కత్తి ఒరలో పెట్టమన్నారు, ఆ చెవిని స్వస్థపరిచారు. మేము తొందరపడి ఉంటే ఆ కుర్రాణ్ణి ఎవరు బాగుచేసేవారు?

ఇప్పుడు పుట్టిలో వల కోసే చిన్న కత్తే ఉంటుంది. చీకట్లో ఎవరైనా వస్తే ముందు "ఎవరు బాబూ?" అని పలకరిస్తాం.

ప్రభువు మన చేతులను కాయును గాక. ఆమేన్.