‘చిన్న’ యను మాట

చిన్నమాటలను చిన్నచూపు చూచుట చదువుకొన్నవారి కలవాటు. గంభీరములగు సమాసములకై నిఘంటువులు వెదకుదుము. దినమునకు నూఱుమాఱులు పలుకు మాటను విచారింపము. సంస్కృతాంగ్లములు బోధించుచు జీవించు నాకు స్వీడిష్ వ్యాకరణము చదువునపుడు ఈ సంగతి మిక్కిలి స్పష్టపడినది.

ఆ భాషలో ‘చిన్న’ యను విశేషణము ‘లీతెన్’. పుస్తకమునకు ‘లీతెన్’, ఇల్లు నపుంసకము గనుక దానికి ‘లీతెత్’, ‘ఆ చిన్న పుస్తకము’ అని నిర్దేశించినచో ‘లిల్లా’. పుస్తకములు పెక్కైనచో ఈ మాటయే మాయమై, వేఱొక మూలమునుండి పుట్టిన ‘స్మో’ వచ్చును. పోల్చి చెప్పునపుడు మూడవ మూలము ప్రవేశించును: ‘మింద్రె’ యనగా మఱింత చిన్న, ‘మిన్‌స్త్’ అనగా అన్నిటికంటె చిన్న. ఒక్క యర్థమునకై మూడు కుటుంబముల మాటలు కలిసి కాపురము చేయుచున్నవి.

ప్రాచీన నార్సు భాషలో ‘లీతిల్’ అను మాటకు బహువచనము గూడ ఆ మూలమునుండియే ‘లిత్లిర్’ అని యుండెడిది. ఐస్‌లాండువారు మూడు లింగములను నిలుపుకొని నేటికిని అట్లే వాడుదురు. స్వీడిష్, డేనిష్, నార్వీజియన్ భాషలలో బహువచనపు చోటు ‘స్మో’ ఆక్రమించెను. డేనిష్‌లోనైతే నపుంసకభేదము గూడ సమసి, ఏకవచనమునకు ‘లిలె’ యొక్కటే చాలుచున్నది.

ఇది నాగరికము గాని అక్రమమని తలంపవలదు. పాణిని ‘అల్ప’ శబ్దమునకు ‘కన్’ ఆదేశమును వికల్పముగా విధించి ‘కనీయస్’, ‘కనిష్ఠ’ రూపములను సాధించెను. ఇంగ్లీషున ‘లిటిల్’కు ‘లెస్’, ‘లీస్ట్’ వచ్చుటయు నిట్టిదే. ‘మింద్రె’లోని మూలమునకు, తగ్గించుట యను నర్థముగల సంస్కృతపు ‘మినాతి’ జ్ఞాతి.

అరుదగు మాటయొక్క వింతరూపము బాలుని చెవిని పడదు. అతడు సూత్రము ననుసరించి క్రొత్తరూపము కల్పించుకొనును. ‘చిన్న’ యను మాట యట్లు కాదు. తల్లినోట అనుదినము వినబడుటచే దాని విలక్షణరూపములు తరతరములకు సంక్రమించును. పండితులు సూత్రములు వ్రాయక పూర్వమే తల్లులు వానిని రక్షించిరి.

మన ‘చిన్న’ లింగవచనములనుబట్టి మాఱదు: చిన్న బాలుడు, చిన్న బాలిక, చిన్న యిండ్లు. ఇంతమాత్రమున మన భాష పేదది కాదు. వారి భాష చిక్కులపుట్టయు గాదు.

బడిలో పిల్లవాడు ఇంటిమాట పలికినంతనే తప్పని గద్దించువారిని నేను తఱచు చూచుచున్నాను. ఇంటిమాటలోని ప్రతి వంకరయు దోషము కాదు. కొన్ని వంకరలు వేయేండ్ల చరిత్రకు గుఱుతులు. గద్దించుటకు ముందు ఆ మాట యెచ్చటినుండి వచ్చెనని ఒక్కమాఱు విచారించుట ఉపాధ్యాయునకు ధర్మము.