రాయకోటకొచ్చిన కెమెరా

ధర్మపురి నుంచి పాలక్కోడు మీదుగా హోసూరు వెళ్లే దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాయకోట దగ్గరపడేసరికి బస్సులో టమాటా ధర గురించి మాటలు మొదలవుతాయి. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఆ మాటల్లో కలిసిపోతాయి. కిటికీలోంచి కాస్త తలెత్తి చూస్తే ఊరి నెత్తిన కొండ, కొండమీద కోటగోడలు కనిపిస్తాయి. ఆ కొండను నూట అరవై ఏళ్లకు పైబడి వెనక, ఇంగ్లండులోనే ఫోటోగ్రఫీ ఇంకా కొత్త విద్యగా ఉన్న రోజుల్లో, ఒకాయన కెమెరాలోకి ఎక్కించాడు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ దొరికినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. ఇవాళ మీరు దొరికారు.

ఆయన పేరు లిన్నేయస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులో పుట్టాడు, కుర్రతనంలోనే కంపెనీవారి మద్రాసు సైన్యంలో చేరాడు. సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు ఫోటోగ్రఫీ పట్టుబడింది. 1854లో బెంగళూరు తిరిగొచ్చాక హళేబీడు, బేలూరు గుళ్లమీద చెయ్యి తిప్పుకున్నాడు. మరుసటేడు దౌత్యబృందంతో బర్మా వెళ్లొచ్చాడు. ఆ పని చూసి 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ను సర్కారు ఫోటోగ్రాఫరుగా వేసుకుంది. 1857 డిసెంబరులో, ఉత్తరాదిన తిరుగుబాటు ఇంకా చల్లారకముందే, ఎద్దుబళ్లమీద సామాను వేసుకుని బెంగళూరు నుంచి దక్షిణానికి బయల్దేరాడు. శ్రీరంగం, తిరుచ్చి, తంజావూరు, పుదుక్కోట, మదురై చుట్టి వచ్చాడు. 1858లో ఆ ఫోటోలు సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిలో ఒకటి అచ్చంగా మనది: రాయకోట, సేలం జిల్లాలోని ఇతర ప్రదేశాల దృశ్యాలు. అప్పట్లో ఇదంతా సేలం జిల్లాయే కదా. ధర్మపురి 1965లో విడిగా జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి వేరుపడినప్పుడు రాయకోట అటు వెళ్లింది.

ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎంత పనో కాస్త వివరంగా చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగమిదే. ముందు మంచి కాగితానికి తేనెమైనం పట్టించాలి. వేడి ఇస్త్రీపెట్టెతో రుద్ది, మిగులు మైనం పీల్చేసి, కాగితం అద్దంలా వెలుగు చొరబడేట్టు చెయ్యాలి. దాన్ని అయోడైడు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరేయాలి. తర్వాత చీకట్లో, మసక దీపం దగ్గర, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి తియ్యాలి. అది ఆరాకే కెమెరాలో పెట్టడం. మూత తీశాక నిమిషాల తరబడి కదలకుండా కాచుకోవాలి. ఆ తర్వాత గాలిక్ ఆమ్లంలో వేసి, బొమ్మ తేలేదాకా గంటలకొద్దీ ఎదురుచూపు. పెద్దది చేసుకునే ఉపాయం అప్పటికి వాడుకలో లేదు. ప్రింటు ఎంతో నెగటివూ అంతే. అందుకే ఆయన నెగటివులు అడుగుకు పైగా పొడవుండేవి. ఎండకూ దుమ్ముకూ వాటిని కాపాడుకుంటూ బండిమీద ఊరూరా తిరగడం ఊహించుకోండి.

ఇంకో చిక్కుంది. ఆ కాగితం మీది మందు నీలానికి తొందరగా లొంగుతుంది, ఆకుపచ్చకు ఓ పట్టాన లొంగదు. కొండా చెట్లూ సరిగా పడేలోపు ఆకాశం వెలవెలబోయి వట్టి తెల్లకాగితమైపోతుంది. ట్రైప్ ఏం చేశాడంటే, నెగటివు మీదే కుంచెతో రంగు అద్ది మబ్బులు వేశాడు. అక్కడక్కడా ఆకులకూ మెరుగుపెట్టాడు. ఆయన ప్రింటులో మబ్బు కనిపిస్తే దగ్గరగా చూడండి, కుంచె జాడ దొరకొచ్చు. దీన్ని మోసమని నేననను. కంటికి కనిపించినదాన్ని కాగితం నిలుపుకోలేకపోతే, ఆ లోటును చేత్తో పూడ్చిన మనిషి ఆయన.

నన్ను వదలనిది వేరే సంగతి. ట్రైప్ ఫోటోల్లో మనుషులు అరుదు. నిమిషాల తరబడి మూత తీసి ఉంచితే నడిచేవాడు బొమ్మలో నిలవడు, ఆవు నిలవదు, బావి దగ్గర బిందె ఎత్తుకున్న మనిషీ నిలవదు. కదలనివే మిగులుతాయి: బండ, గోడ, గోపురం. పైగా ప్రభుత్వం ఆయనకప్పగించింది పాత కట్టడాలు పాడుకాకముందే వాటి రూపు పట్టి ఉంచమని. అలా చూస్తూ పోతే ఈ నేలంతా ఎవరిదీ కాని రాళ్లసీమ అనిపిస్తుంది.

అది నిజం కాదని చెప్పడానికి సాక్ష్యం ఇంగ్లీషువాళ్ల కాగితాల్లోనే ఉంది. 1791లో రాయకోట వాళ్ల చేతికి చిక్కింది. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు బారామహల్‌ను, అంటే మన ఈ ప్రాంతాన్ని, వదులుకున్నాడు. ఆ ఏడే డేనియల్ చిత్రకారులు థామస్, విలియం ఇటు తిరిగి రాయకోట బొమ్మ గీశారు. అలెగ్జాండర్ రీడ్ పాలనాధికారిగా వచ్చాడు. ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో ధర్మపురిలో ఇల్లు చేసుకున్నాడు. అవును, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన మన మన్రో దొరే. రాయలసీమలో మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్నది ఆయన తలపుతోనే. రైతు దగ్గరే నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతి ఆయన ఇక్కడే నేర్చాడు, తర్వాతే రాయలసీమ వైపు దత్తమండలాలకు తెచ్చాడు. 1799 దాకా ఏడేళ్లు వాళ్లు ఇక్కడి పొలాలను కొలిపించి, ఏ చెక్క ఎవరి సాగులో ఉందో, దానికి శిస్తెంతో రాయించారు. ట్రైప్ కెమెరా వచ్చేనాటికి ఈ నేల లెక్కకెక్కి అరవై ఏళ్లు దాటింది. లెక్కల్లో మనుషులున్నారు, కొండ లేదు. ఫోటోలో కొండ ఉంది, మనుషులు లేరు.

ఇది మన ఒక్క చోటి కథే కాదు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఆయన కంచరగాడిదల మీద పద్దెనిమిది ఇరవైరెండంగుళాల గాజుపలకలు మోయించుకుని కాలిఫోర్నియా యోసెమిటీ లోయకు వెళ్లాడు. మనిషి అడుగుపడని అడవి అన్నట్టుండే ఫోటోలు తెచ్చాడు. వాటి ప్రచారమూ తోడై 1864లో లింకన్ ఆ లోయను కాపాడే చట్టం మీద సంతకం పెట్టాడు. మంచి పనే. కానీ ఆ ఫోటోలకు పదేళ్ల ముందు, 1851లో, ఆ లోయలో తరతరాలుగా ఉంటున్న అహ్వానీచీ జనాన్ని ఆయుధాలతో తరిమేశారు. ఆ లోయ ఎలా ఖాళీ అయిందో ఫోటో చెప్పదు కదా!

ట్రైప్ ఉద్యోగం ఎక్కువకాలం సాగలేదు. మద్రాసులో ఉంచిన అమరావతి శిల్పాలను కూడా 1858లో ఆయనే ఫోటోలు తీశాడు. మన సున్నపురాతి బొమ్మల తొలినాటి ఫోటోలవి. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఇంత ఖర్చు ఖజానా భరించలేదని ఆ పని ఆపించాడు. ట్రైప్ ఆ తర్వాత కెమెరా దాదాపు ముట్టనేలేదు. 1902లో చనిపోయాడు. తంజావూరు పెద్దగుడి శాసనాన్ని ఇరవైయొక్క నెగటివులుగా తీసి, అతికించి, పందొమ్మిదడుగుల బొమ్మ చేసిన మనిషి అలా ఊరుకోవాల్సి రావడం నాకిప్పటికీ బాధే.

ఆయన ప్రింట్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో, విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ధర్మపురి మ్యూజియంలో వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు, వీరగల్లులున్నాయి, పశువుల మందలకోసం ప్రాణమిచ్చినవాళ్ల రాళ్లు కూడా వాటిలో ఉన్నాయి. ఆ మ్యూజియం గోడమీద రాయకోట ఫోటో నకలొకటి పెద్దగా పెట్టించి, కింద రీడ్ కాలపు లెక్కల్లోంచి ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లూ, పంటలూ, సాగుదార్ల వివరాలూ రాయించాలని నా కోరిక. మీలో ఎవరి మాటకైనా కలెక్టరాఫీసులో చెల్లుబాటుంటే, ఈ సంగతి వాళ్ల చెవిన వెయ్యండి.