మా కారుకు చత్వారం

మనుషులకు నలభై దాటితే చత్వారం వస్తుంది. మా అంబాసిడరుకు ఆ వయస్సు వెళ్లి చాలా కాలమైంది. ఉత్తరపారలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గాని, వున్నవాటిని వున్నవాళ్లు వదులుతారా? మా నాన్నగారు ససేమిరా వదలరు. ఆయనకిప్పుడు 74 ఏళ్లు. "దీపాలు మరీ గుడ్డిగా వున్నాయిరా. గేదె అడ్డంగా నిలబడినా దగ్గరికి పోయేదాకా తెలియడం లేదు" అని ఆరు నెలలుగా ఒకటే గొడవ.

దీనికి మందు మా బావగారు తెచ్చారు. రెండు హేలోజన్ బల్బులు. ఒక్కొక్కటి 100 వాట్లు, డిమ్ములో 90. కారులో వున్న పాత బల్బులు 45, 40 మాత్రమే. కొత్తవాటి అడుగు పాత గూట్లో చక్కగా కూర్చుంటుంది. తీసి పెట్టడం అయిదు నిమిషాల పని.

"ఇంకేం, పట్టపగలే!" అన్నారు బావగారు.

"కాస్త ఆగండి బావగారూ" అన్నాను.

"ఏమోయ్, వెలుగు కూడా నీకు చేదయిందా?"

వెలుగు చేదు కాలేదు. నా బెంగంతా వేడి గురించి.

తీగ ఎర్రగా కాలి వెలిగే బల్బు ఏదైనా, తినే కరెంటులో నూటికి తొంభై పాళ్లు వేడిగానే కక్కుతుంది. కోడిపిల్లలు చలికి చచ్చిపోకుండా బుట్టలో 60 వాట్ల బల్బు వేలాడదీయడం మనం చూసిందే. హేలోజన్ బల్బుకయితే వేడి అవలక్షణం కాదు, ప్రాణాధారం. తీగనుంచి ఆవిరై పోయే టంగ్‌స్టన్‌ను లోపల వున్న అయొడీన్, బ్రోమీన్ లాంటి వాయువులు పట్టుకుని మళ్లీ తీగ దగ్గరికే చేరుస్తాయి. ఆ రాకపోకలు జరగాలంటే బల్బు గోడ 250 డిగ్రీల పైగా కాగుతూ వుండాలి. అందుకే దాన్ని అంత చిన్నదిగా, మామూలు గాజుతో కాకుండా క్వార్ట్జ్‌తో చేస్తారు. వేలు తగిలి నూనె జిడ్డు అంటుకుందా, ఆ చోట వేడి హెచ్చి బల్బు త్వరగా పోతుంది. బావగారు తలకు నూనె రాసుకున్న చేత్తోనే ఒక బల్బును అటూ యిటూ తిప్పి అందరికీ చూపించారు.

అయితే ఒక మాట. 60 వాట్ల హేలోజను, 60 వాట్ల మామూలు బల్బు కంటే ఎక్కువ వేడేమీ పుట్టించదు. వేడి పేరులో లేదు, వాట్ల అంకెలో వుంది. మా కారు ముందు దీపాలు 7 అంగుళాల గుండ్రటి గాజువి. ఆ గాజు చాలావరకు ఓర్చుకుంటుంది. వెనక తీగలు తగిలించే ముక్క ఓర్చుకోదు, గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. ప్లాస్టిక్ మూత వున్న వెనక దీపాల్లో గనక యిలాంటి ప్రయోగం చేస్తే, ఎండలో పెట్టిన మైనంలా ఆ మూత వంగిపోతుంది.

ఇదంతా కంటికి కనిపించే వేడి. కనిపించనిది మరొకటి వుంది. మా వూరి మెకానిక్ సాయిబుగారు మీటరు పట్టుకొచ్చి కూర్చున్నాక అది బయటపడింది. ఇంజను తిరుగుతూంటే బ్యాటరీ దగ్గర 13.5 ఓల్టులు. పాత బల్బు దగ్గర 11.4.

"రెండు ఓల్టులు దారిలోనే ఖర్చయిపోతున్నాయి బాబూ" అన్నాడాయన.

దారి అంటే చిన్నదా? బ్యాటరీనుంచి బయలుదేరిన కరెంటు డేష్‌బోర్డు వెనక స్విచ్చికి పోయి, అక్కణ్ణుంచి కాలితో నొక్కే డిప్పరు దగ్గరికి దిగి, మళ్లీ ముందుకు రావాలి. ప్రతి మలుపులోనూ చిలుమే. ఓల్టులు అలా పడిపోతే వెలుగు నూటికి నలభై పాళ్లకు పైగా తగ్గుతుంది. అంటే సగం గుడ్డితనం బల్బుది కాదన్నమాట, తీగలది. దీపాలకు వెళ్లే కరెంటు ఏడున్నర ఆంపియర్లు అనుకుంటే, తీగల్లో, స్విచ్చిల్లో కాలిపోయేది 15 వాట్లు. బావగారి బల్బులు పెడితే కరెంటు యించుమించు రెట్టింపు. కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగింతలు. అంటే 60 వాట్లు. ఆ కోడిపిల్లల బల్బునే తీసుకెళ్లి డేష్‌బోర్డు వెనక, ఎవరికీ కనిపించకుండా వెలిగించినట్టే! ఆ కాలపు కార్లలో చాలావాటికి ముందు దీపాల లైనులో ఫ్యూజు కూడా వుండదు. మా కారుకూ లేదు. తొడుగు కరిగి తీగలు రెండూ కలిస్తే మంటే. నాన్నగారి పక్కన అమ్మ కూర్చుని వుంటుంది.

పైగా డైనమో వున్న పాతబండి యిచ్చేదే 20 ఆంపియర్ల చుట్టుపక్కల. దాంట్లో ఈ రెండు బల్బులే 16, 17 మింగేస్తే తక్కినవాటికి మిగిలేదేమిటి?

ఇదంతా బావగారు విన్నారు. "అయితే చీకట్లోనే పొమ్మంటావా?" అన్నారు.

సాయిబుగారు అందుకు ఒప్పుకోలేదు. బ్యాటరీ దగ్గర్నుంచి కొత్తగా లావుపాటి తీగలు లాగి, దీపాలకు దగ్గరలో రెండు రిలేలు పెట్టి, వాటికి ఫ్యూజులు తగిలించాడు. పాత స్విచ్చి ఇప్పుడు బరువు మోయదు. జమీందారు మూట మోయకుండా నౌకరును కేకవేసినట్టు, రిలేను పిలుస్తుందంతే. ఆ పిలుపుకు పావు ఆంపియరు కూడా అక్కర్లేదు. ముందుగా ఆ పాత 45 వాట్ల బల్బులతోనే వెలిగించి చూపించాడు. ఎదుటి ప్రహరీగోడ మీది సున్నపు పెచ్చులు కూడా కనిపించాయి. ఆ తర్వాతే 60, 55 వాట్ల హేలోజన్లు పెట్టాడు. మీటరు 13.1 చూపించింది. నాన్నగారు బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరారు.

ఆ రాత్రే రైల్వే గేటు దాకా వెళ్లొద్దామన్నారు. నేను పక్కన కూర్చున్నాను. రోడ్డు మిలమిల్లాడుతోంది. మైలురాయి మీది అంకె కూడా దూరంనుంచే చదివారు. ఇంతలో ఎదురుగా లారీ వచ్చింది. నాన్నగారు కారు పక్కకు తీసి, పూర్తిగా ఆపేశారు. లారీ వెళ్లిపోయినా కదలరు.

"ఏమిటి నాన్నా?"

"వాడి దీపాల చుట్టూ చంద్రుడికి కట్టినట్టు గుడి కట్టిందిరా. ఇంకేమీ అగపడలేదు."

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఈ ఆరు నెలల గొడవలో కొంత భాగం వాటిదే.

కుడికంటికి వచ్చే నెల ఆపరేషను. అంతదాకా రాత్రిపూట స్టీరింగు బావగారిది. నాన్నగారు పక్క సీట్లో కూర్చుని, ఎంత దూరాన దీపం కనిపించినా, "అల్లుడూ, డిమ్ము కొట్టు, డిమ్ము కొట్టు" అంటూ వుంటారు.