దిగే వేళ

2023 సెప్టెంబరు 14న మన విశాఖపట్నం నుండి ఎనిమిది మందితో బయలుదేరిన లియర్‌జెట్ 45 అనే చిన్న ప్రైవేటు విమానం ముంబయిలో పెద్ద వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు జారి విరిగిపోయింది. అప్పుడు చూపు ఆనే దూరం 700 మీటర్లే. ఎనిమిది మందినీ ప్రభువు ప్రాణాలతో కాపాడాడు.

భోగాపురం విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినప్పటి నుండి మన పల్లెల్లోనూ విమానాల మాటే. పైకి లేచేటప్పుడే భయమని చాలామంది అంటారు. మాకైతే దిగడమే కష్టమని తోస్తుంది. చిన్న విమానాన్ని పక్కగాలి ఇట్టే తోసేస్తుంది. తడి రన్‌వేపై చక్రాలు నీటి మీద తేలితే బ్రేకులు పట్టవు. కళింగపట్నం, భావనపాడు మత్స్యకారులకు ఇది చెప్పనక్కరలేదు. ఒడ్డు దగ్గర అల విరిగే చోటనే పడవకు గండం. అలలు తగ్గేవరకు వారు బయటనే ఆగుతారు.

పైలట్‌కూ ఆ వీలుంది. నేల సరిగా కనబడకపోతే దిగడం మాని మళ్ళీ పైకి లేచిపోవచ్చు. దానిని ‘గో అరౌండ్’ అంటారు. అది చేతగానితనం కాదు. అయితే ప్రైవేటు విమానంలో డబ్బిచ్చిన పెద్దమనిషి వెనుక సీటులోనే ఉంటాడు, ఆయనకు తొందర!

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీసి చూడండి. మంచిరేవులలో ఆగుదామన్న ఖైదీ పౌలు మాట కంటే నావికుని మాట, ఓడ యజమానుని మాట శతాధిపతికి నచ్చాయి. మెలితే తీరాన 276 మందీ ఈదుతూ, పలకలు పట్టుకొని ఒడ్డెక్కారు. ఓడ మాత్రం దక్కలేదు.