పాత కారులో అమ్మీ గొంతు

కాసెట్ల కాలం ఏనాడో గతించింది. కాని ఇరవై ఏళ్ల క్రిందటి కారులో, కార్ఖానా వారే అమర్చి ఇచ్చిన స్టీరియోకు ఆ సంగతి తెలియదు. దానికి రేడియో, కాసెట్టు దూర్చే సందు తప్ప వేరు మార్గం లేదు. జేబులో ఇమిడే ప్లేయరును దానికి కలపడమెట్లా అన్న ప్రశ్న మా ఇంట చాలాకాలం నలిగింది.

ఇది పాటల కోసం పడిన పాటు కాదు. 1990 నుండి 1998 వరకు మా అబ్బా జెద్దాలో ఉద్యోగం చేశారు. ఆ రోజులలో అమ్మీ ఉత్తరాలకు బదులు కాసెట్లలో మాట్లాడి, సెలవు ముగిసి తిరిగి వెళ్లేవారి చేత పంపేది. బియ్యం ధరలు, బంధువుల పెళ్లిళ్లు, మా అల్లరి, అన్నీ అందులోనివే. 2014లో ఆమె కన్నుమూసింది. టేపులు ఒకటొకటిగా పాడవుతుండగా పదకొండింటిని మాత్రం చిన్న ప్లేయరులోకి ఎక్కించగలిగాము. అబ్బా వాటిని ఇంట్లో వినరు. వైద్యం కోసం కర్నూలు నుండి హైదరాబాదు వెళ్లేటప్పుడు, దారిలో వింటామన్నారు.

స్టీరియో పీకివేసి కొత్తది పెట్టించుకొమ్మని అంగడివారి సలహా. అబ్బా ససేమిరా అన్నారు. ఆ మీట అమ్మీ తిప్పినది.

మొదట సిగరెట్ లైటరు రంధ్రంలో గుచ్చే ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు తెచ్చాము. 88, 108 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య ఖాళీ చోటు దొరికితే అది బాగానే పలుకుతుంది. షాద్‌నగర్ సమీపించేసరికి నగరపు రేడియో కేంద్రాలు మీద పడి, అమ్మీ మాట నడుమ సబ్బు ప్రకటన చొరబడింది. అబ్బా కట్టివేయమన్నారు.

చివరకు అక్కరకు వచ్చినది కాసెట్ అడాప్టరు. ఫిలిప్స్ వారు 1963లో లోకానికి చూపిన ఆ కాసెట్టు ఆకారమే దీనిది. లోపల టేపు మాత్రం ఉండదు. నిజానికి స్టీరియోలోని హెడ్డు గ్రహించేది టేపును కాదు, దానిపై మారుతుండే అయస్కాంత క్షేత్రాన్ని. అడాప్టరులో సరిగ్గా ఆ హెడ్డుకు ఎదురుగా మరొక చిన్న హెడ్డు ఉండి, 3.5 మిల్లీమీటర్ల పిన్ను ద్వారా ప్లేయరు నుండి వచ్చే విద్యుత్సంకేతాన్ని అట్టి క్షేత్రంగానే మారుస్తుంది. టేపు అయిపోయినదని స్టీరియో భ్రమించి ఆగిపోకుండా లోపలి పళ్లచక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ఎంత అందమైన మోసం!

ప్లేయరులో ధ్వనిని ముప్పాతిక వంతు వరకు పెంచి, తక్కినది స్టీరియోలో సరిచూసుకోవాలి. మరీ తగ్గిస్తే బుసబుస, మరీ పెంచితే గొంతు పగులుతుంది. ప్లేయరును కారులోనే ఛార్జింగుకు పెడితే ఇంజను వేగంతోపాటు హెచ్చుతగ్గులయ్యే ఒక కూత వినబడవచ్చు. దాని బ్యాటరీ మీదనే నడుపుకొనడం మేలు.

కృష్ణ వంతెన దాటిన తరువాత అమ్మీ గొంతు పలికింది. కొంత దూరం అబ్బా కిటికీ వైపే చూస్తూ విన్నారు. పిమ్మట చేయి చాచి మీటను తామే కొంచెం తగ్గించారు. "మీ అమ్మీ ఇంత బిగ్గరగా మాట్లాడేది కాదు" అన్నారు.