సైక్లోన్ చుట్టూ కాసేపు కబుర్లు

సైక్లోన్ అన్న మాట ఏ ఊళ్లో పుట్టిందనుకుంటున్నారు? లండనా? కాదండోయ్, కలకత్తా!

హెన్రీ పిడింగ్టన్ అని ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు ఓడ కెప్టెన్. కలకత్తాలో స్థిరపడ్డాక బంగాళాఖాతం గాలివానల గుట్టు లాగడమే పనిగా పెట్టుకున్నాడు. చావుతప్పి రేవు చేరిన ఓడల లాగ్‌బుక్కులు సంపాదించడం, ఏ వేళకి ఏ ఓడ మీద గాలి ఎటునుంచి కొట్టిందో పటం మీద గుర్తుపెట్టడం. గాలి నేరుగా రాదు, ఒక నడిబిందువు చుట్టూ తిరుగుతుందని అప్పటికే అమెరికాలో రెడ్‌ఫీల్డ్, ఇంగ్లండులో రీడ్ అన్నారు. ఈయన మన సముద్రం నుంచి సాక్ష్యం పోగేశాడు. 1789లో మన కోరంగిని ముంచిన ఉప్పెన సంగతి కూడా ఆయన రాతల్లో ఉంది.

1848లో నావికుల కోసం ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో కొమ్ముతో చేసిన పారదర్శకమైన రేకులు పెట్టాడు, వాటి మీద గాలి తిరిగే వలయాలు. పటం మీద ఆ రేకు పరిచి, తుపాను నడిమధ్య ఎటుందో చూసుకుని కెప్టెను తప్పించుకుపోవాలి. ఎంత ముచ్చటైన ఉపాయం! ఆ పుస్తకంలోనే ఈ కొత్త మాటా ఉంది. గ్రీకులో కుక్లోస్ అంటే చక్రం, పాముచుట్ట అని కూడా అర్థం. గాలి బలం ఎంతో ఆ మాట చెప్పదు, అది తిరుగుతోందని మాత్రమే చెబుతుంది. ఖచ్చితమైన వలయమని కూడా ఆయన హామీ ఇవ్వలేదు, జాగ్రత్తపరుడు!

ఆ జాగ్రత్తే సర్కారుకి పట్టలేదు. మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కడతామంటే, ఉప్పెన మింగేస్తుంది, వద్దని 1853లో గవర్నర్ జనరల్‌కి బహిరంగంగా రాశాడు. వినలేదు. క్యానింగ్ రేవు కట్టారు. 1867లో తుపాను వచ్చి దాన్ని పాడుచేసింది. పిడింగ్టన్ అప్పటికే లేడు.

ఆయన మాట మాత్రం ఊళ్లు తిరిగింది. అమెరికా పల్లెల్లో టోర్నడోకి ఆ పేరు పెట్టుకున్నారు. 1900లో వచ్చిన ఓజ్ మాంత్రికుడి కథలో డొరొతీ ఇంటిని ఎగరేసుకుపోయింది సైక్లోనే. యూరప్ శాస్త్రజ్ఞులకి చినుకులు రాల్చే మామూలు అల్పపీడనం కూడా సైక్లోనే. మన వాతావరణ శాఖ దగ్గర మాత్రం గాలి గంటకి 62 కిలోమీటర్లు అందుకుంటేగానీ ఆ హోదా రాదు. బలం సంగతి వద్దన్న మాటకి చివరికి బలమే కొలబద్ద అయింది, చూశారా!

పిడింగ్టన్ ఉద్దేశానికి కట్టుబడింది, నా లెక్కన, రైసుమిల్లే. దుమ్ముగాలిని గరాటులాంటి రేకుడబ్బాలో గిరగిరా తిప్పితే దుమ్ము అంచుకి కొట్టుకుని కిందికి జారుతుంది, గాలి పైనుంచి పోతుంది. ఆ డబ్బాని కూడా సైక్లోన్ అనే అంటారు.